ఫ్లోరిడా 2000: తేడా 537, లెక్కకు రానివి 1,75,000. ఆ ఓట్లు ఎక్కడ పోయాయి?

గోదారిగట్టు
అమెరికా ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఫ్లోరిడా 2000 మాట లేస్తుంది. వెంటనే ఒకరు గ్రీన్ పార్టీ అభ్యర్థి నేడర్ గోర్ ఓట్లు చీల్చాడంటారు, ఇంకొకరు సుప్రీంకోర్టు గెలిపించిందంటారు. నాకు రెండూ సగం సగం కబుర్లే అనిపిస్తాయి. ఆ నవంబరు 7న ఫ్లోరిడాలో దాదాపు 60 లక్షల ఓట్లు లెక్కకు వచ్చాయి. డెమోక్రాట్ గోర్ మీద రిపబ్లికన్ బుష్ ఆధిక్యం 537. అదే రోజు పోలింగుకు వచ్చి కార్డు పెట్టెలో వేసి కూడా అధ్యక్షుడి లెక్కలోకి రాని బ్యాలెట్లు 1,75,000 దాకా ఉన్నాయి. వాటి గురించి ఎవరూ మాట్లాడరేం? అవి ఎందుకు చెల్లలేదు, ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఏం జరిగింది, తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. పార్టీల గొడవ పక్కన పెట్టండి.

లెక్కలమాస్టారు
ముందు అంకెలు పెట్టుకుందాం, లేకపోతే గాలిలో కొట్టుకుంటాం.
బుష్ 29,12,790. గోర్ 29,12,253. నేడర్ 97,488. రిఫార్మ్ పార్టీ బుకానన్ 17,484.
అధ్యక్షుణ్ణి తేల్చేవి రాష్ట్రాలవారీ ఎలక్టోరల్ ఓట్లు. ఫ్లోరిడా చేతిలో ఉన్నవి 25. అవి ఎవరికి పోతే వాళ్ళే అధ్యక్షుడు. చివరికి బుష్ 271 దగ్గర ఆగాడు, కావలసినవి 270.
ఆధిక్యం ఎలా మారిందో చూడండి: తొలి లెక్కలో 1,784. తేడా అర శాతంలోపు ఉంటే మెషీన్‌తో మళ్ళీ లెక్కించాలని అక్కడి చట్టం. అది చేశాక 14వ తేదీకి 300. విదేశాల నుంచి వచ్చిన బ్యాలెట్లు కలిపాక 930. కొన్ని చోట్ల చేతి లెక్క కలిపి 26న ధ్రువీకరించినప్పుడు 537.
ఇక ఆ 1,75,000 రెండు రకాలు. మెషీన్‌కు ఏ గుర్తూ కనపడనివి 61 వేలు పైన. ఒకరికంటే ఎక్కువమందికి గుర్తు పడ్డవి 1,13,000 దాకా. మనం వీటిని 'ఖాళీ', 'డబుల్' అని పిలుచుకుందాం. ఖాళీల గురించే కోర్టుల్లో కొట్టుకున్నారు. డబుల్ వాటి సంఖ్య దాదాపు రెట్టింపు, వాటిని పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

ఓరుగల్లు_కోట
మాస్టారూ, డబుల్ అంటే ఇద్దరికి గుద్దినట్టే కదా. గంత మంది ఎట్ల గుద్దుతరు? గా సీతాకోకచిలుక బ్యాలెట్ అన్నది అదేనా?

పంచ్‌కార్డు
అందులో ఒక భాగం అదే. పామ్ బీచ్ కౌంటీ. అక్కడ ఓటంటే పేరు ఎదురుగా పుల్లతో కార్డుకు రంధ్రం పొడవడం, అదే పంచ్ కార్డు. కళ్ళ ముందు పెట్టుకుని చూడండి, చాలామంది బొమ్మ చూసి కూడా అసలు మెలిక పట్టుకోరు.

తెరిచిన పుస్తకం ఊహించుకోండి. ఎడమ పేజీలో కొన్ని పేర్లు, కుడి పేజీలో కొన్ని పేర్లు, మధ్యలో వెన్ను మీదుగా ఒకే వరుసలో రంధ్రాలు. ఎడమ పేర్ల బాణాలు కుడివైపుకి, కుడి పేర్ల బాణాలు ఎడమవైపుకి చూపిస్తాయి. రెండూ ఆ ఒక్క వరుస మీదకే వస్తాయి.

గత గవర్నరు ఎన్నిక గెలిచిన పార్టీ పేరు బ్యాలెట్‌లో మొదట రావాలని ఫ్లోరిడా చట్టం. 1998లో అభ్యర్థి బుష్ తమ్ముడు, రిపబ్లికన్ జెబ్ బుష్ గెలిచాడు కాబట్టి రిపబ్లికన్ మొదట, డెమోక్రాట్ రెండోది. ఎడమ పేజీలో పైన బుష్, కింద గోర్. చదివేవాడి లెక్కలో గోర్ రెండోవాడు. కానీ రంధ్రాల వరుసలో రెండోది కుడి పేజీలో పైనున్న బుకానన్‌ది! అంకెల్లో చెప్పాలంటే 3 బుష్, 4 బుకానన్, 5 గోర్, 6 సోషలిస్టు పార్టీ మెక్‌రేనాల్డ్స్. ఎడమ పేజీ మాత్రమే చూసి 'పై నుంచి రెండోది' అని పొడిచినవాడి ఓటు బుకానన్‌కు పోతుంది. పొరపాటు తెలిసి మళ్ళీ 5 పొడిస్తే డబుల్, చెల్లదు.

రూపొందించిన అధికారి థెరిసా లెపోర్ దురుద్దేశంతో చేయలేదు. ఆ ఏడాది అధ్యక్ష పదవికి 10 మంది అభ్యర్థులు. ఒకే పేజీలో ఇరికిస్తే అక్షరాలు చిన్నవైపోతాయి, కౌంటీ నిండా వృద్ధులు. అక్షరం పెద్దది చేద్దామని రెండు పేజీలకు సర్దింది. అక్షరం కనపడింది, రంధ్రం తప్పింది.

కృష్ణాతీరం
నేను ఒప్పుకోను. బాణం ఉంది, అంకె ఉంది, నమూనా బ్యాలెట్ ముందే పంపారు. రెండు పార్టీలవాళ్ళకీ చూపించారు, అప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. తప్పు గుద్దితే ఇంకో కార్డు అడగొచ్చు, మూడు కార్డుల దాకా ఇస్తారు. ఓడిపోయాక కాగితం మీద నెపం వేస్తే ఎలా? బుకానన్‌కు నిజంగానే ఓటేసినవాళ్ళు ఉండకూడదా?

పంచ్‌కార్డు
@కృష్ణాతీరం ఉండొచ్చు. పరీక్షించే మార్గం కూడా ఉంది. అదే కౌంటీలో ముందుగా తపాలాలో ఓటేసినవాళ్ళకు ఈ సీతాకోకచిలుక అమరిక లేదు. వాళ్ళలో బుకానన్‌కు పడింది వెయ్యికి 2 చొప్పున. పోలింగు రోజు బూత్‌లో వేసినవాళ్ళలో వెయ్యికి 8 పైన. ఊరు అదే, జనం అదే, మారింది కాగితం ఒక్కటే. రాజనీతి శాస్త్ర పరిశోధకులు దీన్ని మిగతా కౌంటీలతో కూడా పోల్చి, గోర్‌కు వేద్దామనుకున్న ఓట్లు 2,000 పైగా బుకానన్‌కు పడ్డాయని తేల్చారు. 537తో పోల్చుకోండి.

పామ్ బీచ్‌లో బుకానన్‌కు 3,400 పైచిలుకు. దానికంటే ఎక్కువ ఓటర్లున్న పక్క బ్రోవార్డ్‌లో 800 లోపే. అవి తన ఓట్లు కావేమోనని బుకానన్ టీవీలోనే అన్నాడు.

డబుల్ ఓట్లు ఆ ఒక్క కౌంటీలో 19 వేలు దాటాయి. స్థానిక పత్రిక ఆ కార్డులు తీసి చూస్తే గోర్, బుకానన్ ఇద్దరికీ పొడిచినవి 5,330. గోర్, మెక్‌రేనాల్డ్స్ 2,908. బుష్, బుకానన్ 1,631. గోర్ రంధ్రానికి పైనా కిందా ఉన్న రెండూ కుడి పేజీవే. అందుకే దెబ్బ అతనికి ఎక్కువ తగిలింది.

మూడు కార్డుల హక్కు మాట నిజమే. కానీ తప్పు పొడిచానని తెలిసినవాడే కదా అడిగేది? రెండూ పొడిస్తే సరిపోతుందనుకున్నవాడికి ఎవరు చెబుతారు?

చుక్కలముగ్గు
పామ్ బీచ్ పేరు అందరికీ తెలుసు. డువాల్ కౌంటీ (జాక్సన్‌విల్) పేరు ఎవరికీ గుర్తుండదు. అక్కడ డబుల్ ఓట్లు దాదాపు 22 వేలు, పామ్ బీచ్ కంటే ఎక్కువ! అక్కడ అభ్యర్థుల పేర్లు ఒక పేజీలో పట్టక రెండో పేజీకి పోయాయి. పత్రికలో వేసిన నమూనా బ్యాలెట్ మీదేమో 'ప్రతి పేజీలోనూ ఓటేయండి' అని సూచన. చెప్పిన మాట విని మొదటి పేజీలో ఒకటి, రెండో పేజీలో ఒకటి పొడిచినవాళ్ళ ఓటు పోయింది. సూచన పాటించినందుకు ఓటు పోవడం కంటే అన్యాయం ఏముంటుంది? నల్లజాతివారు ఎక్కువగా ఉన్న బూత్‌లలో, మొదటిసారి ఓటేసేవాళ్ళలో ఇది ఎక్కువ. డువాల్ మొత్తంగా బుష్‌కు మొగ్గిన కౌంటీ కాబట్టి గోర్ మనుషులు అటు చూడనే లేదు.

లెక్కలమాస్టారు
@చుక్కలముగ్గు దానికి ఇంకోటి జోడిస్తాను. గాడ్స్‌డెన్, లియాన్ అని పక్కపక్క కౌంటీలు. రెండిటిలోనూ పంచ్ కార్డు కాదు, గడి నింపి స్కాన్ చేసే కాగితమే. గాడ్స్‌డెన్‌లో నూటికి 12 బ్యాలెట్లు చెల్లలేదు. లియాన్‌లో నూటికి అర కూడా లేదు. తేడా స్కానర్ ఎక్కడుందనే దాంట్లోనే.
లియాన్‌లో స్కానర్ బూత్‌లోనే ఉంది. రెండు గడులు నింపితే కాగితం తిరిగి బయటికి వస్తుంది, ఓటరు ఇంకో కాగితం తీసుకుని సరిచేసుకుంటాడు. గాడ్స్‌డెన్‌లో కాగితాలన్నీ పెట్టెలో పడి సాయంత్రం కౌంటీ ఆఫీసులో స్కాన్ అవుతాయి. అప్పటికి ఓటరు ఇంటికి వెళ్ళి అన్నం తింటూ ఉంటాడు. ఫ్లోరిడాలో నల్లజాతివారు సగానికి మించి ఉన్న కౌంటీ అదొక్కటే.
67 కౌంటీల్లో 24 పంచ్ కార్డులు, 41 స్కానింగు, ఒకటి లీవరు యంత్రం, ఒకటి చేత్తో లెక్కించే కాగితం. ఎవరి యంత్రం వాళ్ళది, ఎవరి డిజైను వాళ్ళది. మన ఎన్నికల సంఘం లాంటి ఒకే సంస్థ అక్కడ లేదు.

ఓరుగల్లు_కోట
ఇగ ఖాళీ ఓట్ల సంగతి చెప్పుర్రి. భూతద్దం పెట్టుకొని కార్డు చూసే ఫొటో ఉంటది కదా, గదేందన్నట్టు? బొక్క పడ్డదా లేదా అంత కష్టమా?

పంచ్‌కార్డు
కష్టమే. ఓటేసే పద్ధతి ఇది.

కార్డును యంత్రం పైన ఉన్న సందులోంచి చివరిదాకా తోయాలి. కార్డు తలకట్టున ఉన్న రెండు రంధ్రాలు రెండు పిన్నులకు తగులుకోవాలి. పేజీలు తిప్పుతూ, లోహపు పుల్లతో బాణం ఎదురుగా ఉన్న రంధ్రంలో నిటారుగా కిందికి నొక్కాలి. కార్డు మీద ముందే గాటు పెట్టిన చిన్న దీర్ఘచతురస్రపు ముక్క ఊడి కింద పడుతుంది. దాన్నే చాడ్ అంటారు. చివర్లో కార్డు బయటికి తీసి, వెనక్కి తిప్పి, వేలాడే ముక్కలుంటే గిల్లేయాలి. ఈ ఆఖరి పని చేయమని సూచన ఉండేది, చేసేవాళ్ళు తక్కువ.

ఎక్కడ చెడుతుందంటే: కార్డు పిన్నులకు తగలకపోతే పుల్ల గాటు మీద కాక పక్కన దిగుతుంది. పుల్ల వంకరగా దిగితే ముక్క సగమే తెగుతుంది. కార్డు కింద రబ్బరు పట్టీలుంటాయి, అవి పాతబడి గట్టిపడితే ముక్క కిందికి పోక గుంట పడి ఊరుకుంటుంది. అడుగున పాత చాడ్‌లు పేరుకుపోయి శుభ్రం చేయకపోయినా అంతే. అధ్యక్షుడి వరుస ప్రతివాడూ పొడిచేది కాబట్టి అడుగున చెత్త ఎక్కువ పేరుకునేది అక్కడే.

మెషీన్ రంధ్రంలోంచి వెలుతురు వస్తోందా లేదా అని చదువుతుంది. సగం తెగిన ముక్క తలుపులా మూసుకుంటే 'ఖాళీ' అంటుంది. రెండోసారి తిప్పినప్పుడు అదే ముక్క ఊడిపోతే ఓటు అంటుంది. ఒకే కట్ట రెండుసార్లు తిప్పితే రెండు లెక్కలు రావడానికి కారణం అదే, మోసం కాదు.

వాటికి పేర్లు కూడా పెట్టారు. ఒక మూల అంటుకుని ఉంటే వేలాడే చాడ్. రెండు మూలలైతే ఊగే చాడ్. మూడైతే మూడు మూలల చాడ్. నాలుగు మూలలూ అంటుకునే ఉండి గుంట మాత్రం పడితే గుంట చాడ్. ఉబ్బెత్తుగా ఉంటుందని దాన్నే గర్భిణీ చాడ్ అన్నారు. మొదటి రెండిటి మీద పెద్దగా గొడవ లేదు. కొట్లాటంతా గుంట మీదే.

కృష్ణాతీరం
అదే నేను చెప్పేది. చేతి లెక్కకు ఒక కొలత లేదు. ఓటరు ఉద్దేశం స్పష్టంగా తెలియాలి అన్నది చట్టం, అంతకు మించి ఒక్క ముక్క లేదు. పామ్ బీచ్‌లో 1990 నాటి నియమం ప్రకారం గుంట చెల్లదు. తర్వాత వెలుతురు కనపడితే చాలన్నారు, మళ్ళీ వెనక్కి వెళ్ళారు, మళ్ళీ మార్చారు. బ్రోవార్డ్‌లో గుంటలను ధారాళంగా ఒప్పుకున్నారు, గోర్‌కు అక్కడ నికరంగా 567 పెరిగాయి. ఒకే గుంటకు ఒక కౌంటీలో ఓటు, పక్క కౌంటీలో చెత్తబుట్ట. అమెరికా సుప్రీంకోర్టులో తొమ్మిది మందిలో ఏడుగురు దీన్నే తప్పుపట్టారు. దాన్ని పక్షపాతం అనలేం.

గోదారిగట్టు
@కృష్ణాతీరం ఏడుగురి మాట నిజమే. కానీ 'ఇక లెక్క ఆపేయండి' అన్నది ఐదుగురే. కొలత లేకపోతే కొలత పెట్టి లెక్కించమనొచ్చు కదా? డిసెంబరు 8న ఫ్లోరిడా సుప్రీంకోర్టు 4-3తో రాష్ట్రమంతటా ఖాళీ బ్యాలెట్లు లెక్కించమంది. 9న లెక్క మొదలైంది, అదే రోజు అమెరికా సుప్రీంకోర్టు 5-4తో ఆపింది. 12 రాత్రి తీర్పు ఇచ్చి, రాష్ట్రం తన ఎలక్టోరల్ ఓట్లు ఎవరివో తేల్చే గడువు కూడా 12తోనే అయిపోయింది కాబట్టి సమయం లేదన్నారు. ఆపిన మూడు రోజులూ ఎవరి ఖాతాలో వేయాలి? పైగా ఈ తర్కం ఈ కేసు వరకే అని రాసుకున్నారు. 13న గోర్ ఓటమి ఒప్పుకున్నాడు.

చుక్కలముగ్గు
గడువుల గందరగోళం అంతకు ముందే మొదలైంది. కౌంటీలు 7 రోజుల్లో లెక్కలు పంపాలి. ఆలస్యమైతే వాటిని 'పక్కన పెట్టాలి' అని ఒక సెక్షన్, 'పక్కన పెట్టవచ్చు' అని ఇంకో సెక్షన్. చేతి లెక్క అడగడానికి 72 గంటల గడువు. ముందు కనీసం మూడు బూత్‌లు, నూటికి ఒక వంతు ఓట్లు నమూనాగా లెక్కించాలి. పామ్ బీచ్ నమూనాలో గోర్‌కు 19 పెరిగాయి, దాంతో కౌంటీ మొత్తం లెక్కించాలని నిర్ణయించారు. నాలుగు లక్షల పైన కార్డులు చేత్తో లెక్కించాలి, ఉన్నదేమో వారం! విదేశాంగ మంత్రి అని అనువదించకండి, అక్కడ సెక్రటరీ ఆఫ్ స్టేట్ అంటే రాష్ట్రంలో ఎన్నికలు చూసే అధికారి: కాథరిన్ హారిస్. ఆమె 'పక్కన పెట్టాలి' పట్టుకున్నారు. రాష్ట్ర సుప్రీంకోర్టు 26 సాయంత్రం 5 దాకా పొడిగించింది. పామ్ బీచ్ బోర్డు మధ్యలో థాంక్స్‌గివింగ్ సెలవు తీసుకుంది, గడువు దాటి దాదాపు రెండు గంటలకు ముగించింది. ఆ లెక్క తీసుకోలేదు. బ్రోవార్డ్ వాళ్ళు సెలవు రోజు కూడా కూర్చున్నారు, వాళ్ళది చేరింది.

సీమబిడ్డ
ఎంత తిప్పినా నేడర్ 97 వేలు తీసుకుపోయినాడు కదప్పా. అందులో నూటికి ఒకరు గోర్‌కు ఏసినా కథ అయిపోయేది.

లెక్కలమాస్టారు
@సీమబిడ్డ నిజమే, కానీ ఆ లెక్కన సోషలిస్టు వర్కర్స్ పార్టీ అభ్యర్థి జేమ్స్ హారిస్‌ను (కాథరిన్ కాదు) కూడా నిలదీయాలి, అతనికి 562. మిగిలిన ఎనిమిది మందిలో ప్రతి ఒక్కరికీ 537 కంటే ఎక్కువే వచ్చాయి. గోర్ సొంత రాష్ట్రం టెనెసీ గెలిచినా, నాలుగు ఎలక్టోరల్ ఓట్ల న్యూ హాంప్‌షైర్ గెలిచినా ఫ్లోరిడా అవసరమే ఉండేది కాదు. 537 అంత చిన్న అంకె. ఏ కారణం పట్టుకున్నా అది సరిపోతుంది. నేడర్‌కు వేసినవాడు కావాలని వేశాడు. పామ్ బీచ్‌లో రెండు రంధ్రాలు పొడిచినవాడు కావాలని చేయలేదు. ఆ రెండిటినీ ఒకే గాటన కట్టకూడదని నా అభిప్రాయం.

కృష్ణాతీరం
మరి విదేశీ బ్యాలెట్ల సంగతి? పోస్టుమార్కు లేదని సైనికుల ఓట్లు కొట్టేయమన్నది ఎవరు? ఓడ మీదున్న సైనికుడి కవరుకు పోస్టుమార్కు పడకపోవడం మామూలే.

గోదారిగట్టు
అక్కడా కొలత లేదు. ఎన్నిక తర్వాత 10 రోజుల్లో చేరాలి, నవంబరు 7లోపు పోస్టు చేసినట్టుండాలి. కొన్ని కౌంటీలు లోపమున్నా ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు. 2001లో న్యూయార్క్ టైమ్స్ చూసినప్పుడు లెక్కలో చేరిన 2,490 విదేశీ బ్యాలెట్లలో 680కి లోపాలున్నాయి. నేను సైనికుడి ఓటు చెల్లాలనే అంటాను. అదే ఉదారత 80 ఏళ్ళ పెద్దావిడ పొడిచిన గుంటకూ చూపించాలంటాను.

ఓరుగల్లు_కోట
చివరికి మొత్తం లెక్కవెడితే ఎవరు గెలిచిండ్రు? ఎవరన్న చూసిండ్రా?

లెక్కలమాస్టారు
చూశారు. పత్రికలన్నీ కలిసి షికాగో విశ్వవిద్యాలయంలోని పరిశోధనా సంస్థ చేత 1,75,010 బ్యాలెట్లు ఒక్కొక్కటీ పరిశీలింపజేశాయి. ఫలితాలు 2001 నవంబరులో వచ్చాయి.
గోర్ అడిగిన నాలుగు కౌంటీలే (పామ్ బీచ్, బ్రోవార్డ్, మయామీ-డేడ్, వొలూషియా) పూర్తిగా లెక్కించి ఉంటే: బుష్ 225 తేడాతో గెలుపు.
ఫ్లోరిడా సుప్రీంకోర్టు ఆదేశించినట్టు ఖాళీలే లెక్కించినా బుష్‌దే గెలుపు.
ఖాళీలు, డబుల్ రెండూ రాష్ట్రమంతటా లెక్కిస్తే: కొలతను బట్టి గోర్ 60 నుంచి 171 తేడాతో గెలుపు.
డబుల్‌లో ఓటు ఎలా దొరుకుతుందంటారా? గోర్ గడి నింపి, కింద పేరు రాసే గీత మీద మళ్ళీ 'గోర్' అని రాసినవాళ్ళున్నారు. బుష్‌కూ అలాగే. మెషీన్‌కు అవి రెండు ఓట్లు, మనిషి కంటికి ఒకటే ఓటు. పామ్ బీచ్ తరహా రెండు రంధ్రాలను మాత్రం ఏ కొలత పెట్టినా ఎవరికీ వేయలేం.

సీమబిడ్డ
అంటే గోర్ అడిగింది ఇచ్చినా ఓడిపోయేటోడు, అడగంది లెక్కపెట్టింటే గెలిచేటోడు. నాలుగు కౌంటీలు అడగడమే పెద్ద తప్పు అన్నమాట. నేడర్ మాట వెనక్కి తీసుకుంటున్నా, సగం.

చుక్కలముగ్గు
వొలూషియాలో ఆ రాత్రి 216వ బూత్ లెక్క రాగానే గోర్ మొత్తం 16,022 తగ్గింది. తగ్గింది! మెమరీ కార్డు లోపం, తర్వాత సరిచేశారు. కాగితాలు చేతిలో ఉన్నాయి కాబట్టే సరిచేయగలిగారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత జరిగినదానికి పనికొస్తుంది.

పంచ్‌కార్డు
అవును, 2001లోనే ఫ్లోరిడా పంచ్ కార్డులు నిషేధించింది. 2002లో కేంద్ర చట్టం వచ్చి యంత్రాలు మార్చుకోవడానికి రాష్ట్రాలకు డబ్బిచ్చింది. పేరు జాబితాలో లేదన్నా తాత్కాలిక బ్యాలెట్ ఇవ్వాలన్న నియమం కూడా అందులోదే. చాలా కౌంటీలు కాగితం లేని టచ్ స్క్రీన్‌లు కొన్నాయి. 2006లో సరసోటా కౌంటీలో దెబ్బ తగిలింది. 13వ కాంగ్రెస్ నియోజకవర్గంలో తేడా 369, ఆ ఒక్క కౌంటీలో ఖాళీలు 18 వేలు. (కాథరిన్ హారిస్ ఖాళీ చేసిన సీటే అది.) స్క్రీన్ మీద ఆ పోటీని గవర్నరు పోటీ పైన చిన్నగా పెట్టారు, గవర్నరు శీర్షిక రంగులో మెరుస్తూ ఉంది, కన్ను అటే పోయింది. ఈసారి లెక్కించడానికి కాగితమే లేదు. 2007లో చట్టం మార్చి మళ్ళీ కాగితం, స్కానర్‌కు వచ్చారు.

కృష్ణాతీరం
కాగితం పెట్టినా డిజైను చెడితే ఏం లాభం అని మీరే అంటారేమో. 2018 బ్రోవార్డ్ చూడండి. సెనేట్ పోటీని ఎడమ నిలువు వరుసలో, మూడు భాషల పొడవాటి సూచనల కింద అడుగున పెట్టారు. దాదాపు 25 వేల మంది గవర్నరుకు ఓటేసి సెనేట్ వదిలేశారు. రాష్ట్రం మొత్తం మీద తేడా 10,033. ఈ విషయంలో మాత్రం @పంచ్‌కార్డుతో నాకు తగాదా లేదు.

గోదారిగట్టు
మన దగ్గర 2019లో చంద్రబాబు ముందుండి 21 పార్టీల నేతలు వీవీప్యాట్ స్లిప్పులు సగం లెక్కించాలని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కోర్టు అసెంబ్లీ సెగ్మెంట్‌కు ఒక యంత్రం ఉన్నదాన్ని ఐదు చేసింది. అద్దం వెనక స్లిప్పు 7 సెకన్లు కనపడుతుంది. వేసినవాడు తన గుర్తు తానే చూసుకునే ఆ 7 సెకన్లు డువాల్‌లో, గాడ్స్‌డెన్‌లో ఎవరికీ దొరకలేదు.

ఓరుగల్లు_కోట
@పంచ్‌కార్డు ఇంకొక్కటి. పామ్ బీచ్‌ల మళ్ళ పోలింగ్ పెట్టమని ఎవరూ అడగలేదా? మన దగ్గరైతే రీపోలింగ్ అంటరు కదా.

పంచ్‌కార్డు
అడిగారు. అధ్యక్ష ఎన్నిక దేశమంతటా ఒకే రోజు జరగాలన్నది చట్టం, ఫలితం ఏ దశలో ఉందో తెలిశాక ఒక్క కౌంటీ మళ్ళీ ఓటేయడం కుదరదని కింది కోర్టు అంది. డిసెంబరు 1న ఫ్లోరిడా సుప్రీంకోర్టు ఆ బ్యాలెట్ గందరగోళంగా ఉండొచ్చేమో గానీ చట్టవిరుద్ధం కాదని తేల్చింది. ఆ 19 వేల కార్డుల దారి అక్కడితో మూసుకుపోయింది. ఆ తర్వాత ప్రధానంగా నడిచింది ఖాళీల కేసే.